బోడగుట్ట రాతిలో వినిపించిన రొద

నాకు దయ్యాలంటే నమ్మకం లేదు. ఇది రాస్తున్న ఈ రోజుకీ లేదు. మా నాయిన మా ఊరి చర్చి సమాధుల తోటలో గుంతలు తవ్వేవాడు. బడి లేని రోజుల్లో ఆయనకు సద్ది పట్టుకుపోయి, అక్కడే కూర్చుని తిని, ఎండకు ఏదో ఒక సమాధి నీడన పడుకునేవాణ్ణి. చచ్చిపోయినవాళ్ళు ఎవరినీ ఏమీ అనరని నాకు పదేళ్ళ వయసులోనే తెలుసు. ఊళ్ళో ఎవరికైనా గాలి సోకిందంటే మా నాయిన, "గాలి గాదు, కడుపుల అన్నం లేదు" అనేవాడు. పెద్దయ్యాక నేనూ అదే అన్నాను.

కాబట్టి నేను చెప్పేది దయ్యం కథ అని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఏం జరిగిందో, ఏ వరసలో జరిగిందో చెబుతాను. నేను చేసిన పని కూడా దాచకుండా చెబుతాను. అది దాస్తే మిగతాదానికి అర్థం లేదు.

నా పేరు దాసు. ఇప్పుడు జనగామలో ఒక టైర్ల షాపులో పని చేస్తున్నాను. అంతకుముందు పదకొండేళ్ళు కంకర క్వారీల్లో రాయికి హోళ్ళు కొట్టాను. చివరిగా పనిచేసిన క్వారీ పెద్దవంగర అవతల ఒక గుట్ట మీద ఉండేది. గుట్ట అసలు పేరు వద్దు, బోడగుట్ట అంటాను.

కంప్రెషర్ గాలితో నడిచే డ్రిల్లుతో రాతికి ఆరడుగుల లోతు హోళ్ళు వరసగా కొడతాం. వాటిలో మందు తూటాలు దింపి, కర్రతో దట్టించి, వైర్లు కలుపుతాం. మధ్యాహ్నం ఒంటిగంటకు సైరన్ మోగించి పేలుస్తారు. దానికి లైసెన్సు ఉన్న మనిషి వేరే ఉండాలి. మా దగ్గర ఆ మనిషి కాగితాల మీదే ఉండేవాడు. మందు పెట్టేది నేను.

గుట్ట మీద ఎలుగుబంట్లు ఉండేవి. మాకెవరికీ అది వింత కాదు. ఎండాకాలం తునికి పండ్లకు, ఇప్పపూలకు కిందికి దిగేవి. తునికాకుకు పోయే ఆడవాళ్ళు గట్టిగా మాట్లాడుకుంటూ పోయేవాళ్ళు. మనిషి చప్పుడు వింటే అది తప్పుకునేది. నా చిన్నతనంలో ఎలుగు మనిషిని కొట్టిందన్న మాట నేను వినలేదు.

క్వారీ వచ్చిన నాలుగేళ్ళలో గుట్ట సగం పోయింది. తావు లేక ఎలుగులు చేల మీదికి రావడం అప్పటి నుంచే మొదలైంది. మిరప చేలో ఒకామె చెయ్యి పోయింది. పందుల కోసం పెట్టిన కరెంటు తీగకు అంటుకుని ఒక ఎలుగు మాడిపోయింది. ఇంకొకటి దూపకు నీళ్ళు వెతుక్కుంటూ ఎండిన బావిలోకి దిగి, పైకి రాలేక మూడు రోజులు అరిచి చచ్చింది. జనం పోయి ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. నేనూ తీసుకున్నాను.

మిగిలింది ఒక ఆడ ఎలుగు. గుట్టకు దక్షిణం వైపు పెద్ద గుండ్ల సందులో ఉండేది. ఆ చలికాలంలో అది ఈనిందని ఐలయ్య కాక కనిపెట్టాడు. ఐలయ్య కాక నాతోపాటు డ్రిల్లు పట్టే మనిషి, వయసు యాభై దాటింది. పొద్దున్నే వచ్చేసరికి అది పిల్లను వీపు మీద ఎక్కించుకుని సందులోకి పోవడం రెండుసార్లు చూశాడు. ఒకే పిల్ల అని చెప్పాడు. మేమంతా అదే అనుకున్నాం.

ఒక రోడ్డు పనికి కంకర కావాల్సి వచ్చింది. మంచి రాయి ఉన్నది ఆ దక్షిణం వైపే. మేస్త్రి రాజలింగం అక్కడ హోళ్ళు కొట్టమన్నాడు. రెండు రోజులు కొట్టాం. గుండ్ల పైన మా డ్రిల్లు మోగుతుంటే అది బయటికి రాలేదు, పిల్లను వదిలి పోలేదు.

"మేస్త్రీ, అది పిల్లతల్లి. నెల రోజులైతే పిల్లను ఎత్తుకొని అదే పోతది. జర ఆగుదాం" అన్నాడు ఐలయ్య కాక.

"నెల ఆగితే రోడ్డు పనోళ్ళు వేరే క్వారీకి పోతరు. ఫారెస్టోళ్ళకు తెలిస్తే గుట్టే బందైతది. బందైతే ఏం తింటరు, రాళ్ళా?" అన్నాడు రాజలింగం.

మా బావ యాకోబు మధ్యలో కలగజేసుకున్నాడు. మా మరియమ్మ అక్క భర్త. వాళ్ళది రేగొండ దగ్గర పల్లె. పత్తి దెబ్బతిన్న ఏడాది, పని ఉందని నేనే ఆయన్ని క్వారీకి పిలిపించాను. "చంపుడెందుకు? పొగ పెడితే అదే ఎల్లిపోతది" అన్నాడు బావ. ఆయన మంచికే అన్నాడు.

ఒక మంగళవారం పొద్దున తొమ్మిది గంటలకు పొగ పెట్టాం. వరిగడ్డి కట్టల మీద ఎండుమిరపకాయలు గుమ్మరించి సందు నోట్లో అంటించాం. తాలు కాయలు, రెండు బస్తాలు. మాకే కళ్ళు మండి నిలబడలేకపోయాం. లోపల అది దగ్గడం మొదలుపెట్టింది. అచ్చం ముసలివాళ్ళు దగ్గినట్టు దగ్గింది. ఎవడో నవ్వాడు.

అది గుడ్డిగా బయటికి వచ్చింది. కళ్ళు మూసుకుపోయి, ముక్కులోంచి నురగ కారుతూ, వీపు మీద పిల్లతో వచ్చింది. పోవడానికి ఒక్కటే దారి ఉంది. ఆ దారిలో గడ్డపార పట్టుకుని మా బావ నిలబడి ఉన్నాడు. పక్కకు జరగడానికి ఆయనకు టైము దొరకలేదు.

ఆ తర్వాత జరిగింది ఒక నిమిషం కూడా ఉండదు. అది లేచి నిలబడి రెండు పంజాలతో ఆయన తల పట్టుకుంది. బావ అరిచిన మొదటి అరుపు మాత్రమే మనిషి అరుపులా వినిపించింది. గోళ్ళు నుదుటి దగ్గర దిగి గడ్డం దాకా వచ్చాయి. ఎడమ కన్ను, ముక్కు, పైపెదవి పోయాయి. కింద పడ్డాక కూడా వదల్లేదు.

మేం ఎనిమిది మందిమి మీద పడ్డాం. గడ్డపారలు, సమ్మెటలు, గొడ్డలి, ఏది దొరికితే అది. నా చేతిలో డ్రిల్లు రాడ్డు ఉంది. దాంతో దాని నడుము మీద కొట్టాను. నడుము విరిగిన చప్పుడు రాడ్డులోంచి నా మోచేతి దాకా వచ్చింది. అది బావను వదిలి ముందుకాళ్ళ మీద పాక్కుంటూ మళ్ళీ సందు వైపే పోబోయింది. అప్పుడైనా కొట్టడం ఆపొచ్చు. మేం ఆపలేదు. వీపు మీద నుంచి పడ్డ పిల్లను ఒకడు కాలితో తొక్కి పట్టి సమ్మెట వేశాడు. పేరు నాకు తెలుసు, చెప్పను. తల్లి అది చూసింది. చూసిన తర్వాత కూడా కాసేపు బతికే ఉంది.

బావను అంబులెన్సులో మానుకోటకు, అక్కడి నుంచి వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. నేను ఎక్కబోతే రాజలింగం నా చొక్కా పట్టుకున్నాడు.

"నువ్వు పోతే మందెవడు పెడ్తడు? ఫారెస్టోళ్ళు వచ్చేలోపు గిది కనబడొద్దు. రాడ్డుతోని నడుము ఇరగ్గొట్టింది నువ్వే, యాదుంచుకో. జైలుకు పోయేది ముందుగాల నువ్వే" అన్నాడు.

నేను ఆగిపోయాను. బావ ఒంటరిగా పోయాడు.

తల్లినీ పిల్లనీ ఈడ్చి సందులో పడేశారు. నేను పైకెక్కి, ముందు రోజు కొట్టిన హోళ్ళలో తూటాలు దింపడం మొదలుపెట్టాను. కంప్రెషర్ ఆపేసి ఉంది. మిగతావాళ్ళు దూరంగా పోయారు. గుట్ట మీద నేనొక్కణ్ణే.

ఆరో హోలు దగ్గర నాకు వినిపించింది. తేనెటీగల తుట్టె దగ్గర వచ్చే రొదలాంటిది. సన్నగా, ఆగకుండా, ఊపిరి తీసుకునేటప్పుడు ఒక్క క్షణం తెగి మళ్ళీ మొదలవుతూ. హోలు మీద చెవి పెట్టాను. రొద లోపలి నుంచే వస్తోంది. ఎలుగు పిల్ల ఆకలైనా భయమైనా పంజా నోట్లో పెట్టుకుని చీకుతుందని, అప్పుడు ఈ చప్పుడు చేస్తుందని మా నాయిన చెప్పగా విన్నాను. లోపల ఇంకో పిల్ల ఉంది. తల్లి ఒకదాన్నే ఎక్కించుకుని బయటికి వచ్చింది. రెండోది పొగలో వెనకపడిపోయింది.

కిందికి చూశాను. రాజలింగం చేత్తో తొందర చెయ్యమని సైగ చేశాడు.

నేను కర్ర తీసుకుని మందు దట్టించాను. ఆరో హోలు, ఏడో హోలు, పన్నెండో హోలు దాకా. ఎవరికీ చెప్పలేదు. ఒంటిగంటకు సైరన్ మోగింది. గుండ్లు లేచి పడ్డాయి. ఆ మూల మీద క్రషర్ డస్టు రెండు టిప్పర్లు పోయించి, ఇక దాని జోలికి పోవద్దన్నాడు రాజలింగం.

నేను వరంగల్ చేరేసరికి సాయంత్రం ఆరయింది. లోపలికి ఎవరినీ రానివ్వలేదు. అక్క మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. బావకు ఊపిరాడటం లేదని గొంతుకు కోసి గొట్టం పెట్టారని మాత్రం చెప్పింది.

మర్నాడు ఫారెస్టు వాళ్ళు వచ్చి మమ్మల్ని అడిగారు. "ఎలుగు ఉట్టిగనే మీద పడ్డది సార్. కొట్టి గుట్ట దిక్కు ఉరికింది" అని చెప్పాం. నేనూ చెప్పాను. వాళ్ళు రాసుకుని సంతకాలు తీసుకుని పోయారు.

తర్వాతి సోమవారం పనిలోకి దిగాను. అంటే ఏడో రోజు. మేం కొట్టాల్సిన చోటు, పూడ్చిన సందుకు యాభై అరవై అడుగుల దూరం. పగుళ్ళు లేని ఏకరాయి. నాలుగడుగులు దిగాక డ్రిల్లు ఆపాను. కంప్రెషర్ కూడా ఆపించాను. చప్పుళ్ళన్నీ ఆగాయి, రాడ్డు మాత్రం ఆగలేదు. చేతిలో సన్నగా వణుకుతూ రొద చేస్తోంది. పైపులో మిగిలిన గాలి అనుకుని పైపు ఊడదీశాను. అయినా రొద ఆగలేదు.

నేను ఐలయ్య కాకకు ఏమీ చెప్పకుండా రాడ్డు చేతికిచ్చాను. నాకు వినిపించేది నా తప్పువల్ల నాకొక్కడికే వినిపిస్తోందేమో తెలుసుకుందామని. ఆయన పట్టుకుని, రాడ్డును పూర్తిగా పైకి లాగి పక్కన పెట్టాడు. రొద హోలులోంచి వస్తోంది. తువ్వాలు ముడి కట్టి హోలులో కుక్కాడు. ఆగింది. తీశాడు. మళ్ళీ వచ్చింది.

"దాసూ, గిది ఎలుగుపిల్ల చీకుడు గదరా" అన్నాడు.

లోపల పిల్ల ఉన్న సంగతి నేను ఆయనకు అప్పటికీ చెప్పలేదు.

ఆ రోజు నుంచి ప్రతి కొత్త హోలులో అదే. పేల్చిన తర్వాత ఒక గంట నిశ్శబ్దంగా ఉండేది. కొత్త హోలు మూడు నాలుగడుగులు దిగేసరికి మొదలయ్యేది. తల్లి పాలు తప్ప ఏమీ తెలియని పిల్ల. పైన అన్ని టన్నుల రాయి. పది రోజులైంది, పన్నెండైంది. బతికి ఉండదని నాకు తెలుసు. బతికి ఉన్నా, అక్కడి చప్పుడు అరవై అడుగుల రాతిలోంచి ఇక్కడి హోలుకు రాదని కూడా తెలుసు. పదకొండేళ్ళు రాతితో పని చేశాను. గాలి ఎక్కడ దూరుతుందో, ఎక్కడ దూరదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

రాజలింగాన్ని పిలిచి వినిపించాం. వంగి చెవి పెట్టాడు. లేచి, "నాకేం ఇనబడ్తలే" అన్నాడు. మోకాళ్ళ మీద దుమ్ము దులుపుకుని వెళ్ళిపోయాడు. వచ్చే ఆదివారం కురవి వీరన్నకు మేకను కోస్తానని ఆ సాయంత్రమే మొక్కుకున్నాడట.

ఆ వారంలోనే బావను చూడటానికి వరంగల్ పోతే అక్క ఇంకో మాట చెప్పింది. "తమ్మీ, మీ బావ మూలుగుతలేడు. గదేందో రాగం తీసినట్టు చేస్తున్నడు. పక్క మంచమోళ్ళు తిడ్తున్నరు."

నేను లోపలికి పోయి చూశాను. అప్పటికి ఆయన్ని మామూలు వార్డుకు మార్చారు. తలంతా కట్టు. కుడి కన్ను ఒక్కటి బయటికి కనిపిస్తోంది. కుడి చేతి పిడికిలి కట్టు మీద, నోరు ఉండాల్సిన చోట అదుముకుని ఉంది. రొద చేస్తున్నాడు. ఊపిరి దగ్గర ఒక్క క్షణం తెగి, మళ్ళీ మొదలవుతూ.

పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాను.

వార్డు నర్సు వచ్చింది. ఆమె కూడా చాలా రోజులుగా వింటోంది. "గొట్టం ఉన్నన్ని దినాలు గొంతు పలకదన్నా. గాలి గొంతు దాక రాకుంట గొట్టంలకెల్లే పోతది. గొట్టం లీకైతుందేమో అని రెండుసార్లు మార్చినం. మా సారు గూడ వచ్చి చూసిండు. ఏడికెల్లి వస్తుందో తెల్వది" అంది. పిడికిలి తీసి పక్కన పెట్టింది. ఆమె అటు పోగానే ఆయన మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆ గురువారం బావ చేతితో రాస్తున్నట్టు సైగ చేశాడు. ఐదో తరగతి దాకా చదివాడు. మందుల చీటీ వెనక్కి తిప్పి పెన్ను ఇచ్చాను. చాలాసేపు పట్టింది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. "పిల్ల లోపల ఉన్నది. తియ్యి" అని రాశాడు.

ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

తల్లి ఎలుగు మీద పడ్డప్పుడే బావ స్పృహ తప్పాడు. నేను ఆ చప్పుడు విన్నది ఆయన్ని అంబులెన్సులో తీసుకుపోయిన రెండు గంటలకు. నేను ఎవరితోనూ అనలేదు. అక్కతో కూడా.

ఆదివారం పొద్దున నేను చర్చికి పోలేదు. రాజలింగం కురవికి పోయాడు, క్వారీలో ఎవరూ లేరు. ఐలయ్య కాకకు మొత్తం చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. నేలకేసి ఉమ్మి గడ్డపార తీసుకున్నాడు. ఇద్దరం ఆ మూల డస్టు తోడాం. మూడు గంటలు పట్టింది. ముందు తల్లి దొరికింది. దాని గురించి రాయను. దానికింద మొదటి పిల్ల. గుండును గడ్డపారలతో లేవనెత్తి లోపలి సందు తెరిస్తే, చివరి మూలన రెండోది.

మోచేయి అంత పొడవుంది. ఒక రాతి పలక దాని వెనక సగాన్ని చదును చేసేసింది. తల కూడా ఒక పక్క లోపలికి పోయింది. చీమలు తినేసినంత తినేశాయి. కుడి ముందు పంజా నోట్లోనే ఉంది. తర్వాత దాన్ని కోసి చూసిన పశువుల డాక్టరు, పేలిన క్షణంలోనే చచ్చిందని రాశాడు. మళ్ళీ మళ్ళీ అడిగితే, "ఇరవై రోజుల శవమయ్యా, అందులో అనుమానమేముంది" అన్నాడు.

దాన్ని తువ్వాలు మీద పడుకోబెట్టాం. అప్పుడే జీపు చప్పుడైంది. రాజలింగం కురవి నుంచి తిరిగొచ్చాడు. నొసట బొట్టు, వెంట ఇద్దరు మనుషులు. డస్టు తోడి ఉండటం చూడగానే ఆయనకు అర్థమైపోయింది.

"లంజకొడుకా, నా కొంప కూలుస్తవా" అంటూ వచ్చి, మా గడ్డపారే తీసి కొట్టాడు. తల మీద పడాల్సింది. చెయ్యి అడ్డం పెట్టాను. ముంజేతి ఎముక రెండుగా విరిగి తోలులోంచి తెల్లగా బయటికి వచ్చింది. ఐలయ్య కాకను ఆ ఇద్దరూ కింద పడేసి కాళ్ళతో తన్నారు. ఒకడు రాయి తీసి ఆయన తల మీద వేశాడు. రక్తం కళ్ళలోకి కారి ఆయన గుడ్డివాడిలా చేతులు చాపి తడుముకుంటున్నాడు. రాజలింగం రెండోసారి గడ్డపార ఎత్తాడు. ఆ దెబ్బ పడితే నేను ఇది రాసేవాణ్ణి కాదు.

అప్పుడు మొదలైంది.

ముందు రోజు మేం పధ్నాలుగు హోళ్ళు కొట్టి ఉంచాం. ఇంకా మందు పెట్టలేదు. వాటన్నిటిలోంచి ఒకేసారి రొద వచ్చింది. ఒక పిల్లది కాదు. చాలా పిల్లలది. కాళ్ళ కింద రాయి అదిరింది. పక్కనున్న ఇనుప డబ్బాలో నీళ్ళు అలలు కొట్టాయి. పట్టపగలు పదకొండున్నర, నెత్తిన ఎండ. మా ముందు తువ్వాలు మీద ఆ పిల్ల చచ్చి పడి ఉంది. ఐదుగురం విన్నాం.

రాజలింగం గడ్డపార దించలేదు, కొట్టలేదు. అట్లాగే పట్టుకుని హోళ్ళ వైపు చూశాడు. "ఆపండ్రి, ఆపండ్రి" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. తర్వాత గడ్డపార అక్కడే వదిలేసి జీపు కూడా ఎక్కకుండా నడుచుకుంటూ కిందికి పోయాడు. ఆ ఇద్దరూ ఆయన వెనక ఉరికారు. రొద ఇంకో ఐదు నిమిషాలు ఉండి, ఒక్కొక్క హోలులో తగ్గుతూ పోయింది.

ఐలయ్య కాక తలకు తువ్వాలు చుట్టుకుని బండి నడిపాడు. నేను వెనక కూర్చుని, విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో మిరపకాయల సంచి పట్టుకున్నాను. అందులో పిల్ల ఉంది. దవాఖానకు కాదు, ముందు ఫారెస్టు ఆఫీసుకే పోయాం. మొత్తం చెప్పాను. నడుము విరగ్గొట్టింది నేనే అని, మందు పెట్టింది నేనే అని రాయించాను.

కేసయింది. నేను కొన్నాళ్ళు లోపల ఉండి వచ్చాను. వాయిదాలకు ఇప్పటికీ పోతున్నాను. రాజలింగం మళ్ళీ ఏ క్వారీకీ పోలేదు. ఇంట్లోనే ఉంటాడని, చెవుల్లో దూది పెట్టుకుంటాడని అంటారు. నేను చూడలేదు కాబట్టి అది నిజమని చెప్పను. మా ఊరివాళ్ళకు పని పోయింది. నన్ను చూస్తే మొహం తిప్పుకుంటారు. అందుకే జనగామ వచ్చేశాను. క్వారీ ఏడాది మూతపడి, వేరే మనిషి పేరు మీద ఉత్తరం వైపు మళ్ళీ తెరుచుకుంది. ఇప్పుడు ఆ గుట్ట మీద ఒక్క ఎలుగు కూడా లేదు.

పిల్లను బయటికి తీసిన క్షణంలోనే బావ రొద ఆగిపోయిందని రాస్తే బాగుంటుంది. అట్లా జరగలేదు. ఇంకో ఆరు రోజులు ఉంది. పడుతూ లేస్తూ ఆగిపోయింది.

మొన్న పత్తి ఏరే రోజుల్లో రేగొండకు పోయాను. బావ చేను గట్టు మీద తలకు గుడ్డ చుట్టుకుని కూర్చున్నాడు. గొట్టం తీసి చాలా కాలమైంది. పైపెదవి లేదు కాబట్టి కొన్ని అక్షరాలు పలకవు. అలవాటైనవాళ్ళకు అర్థమవుతుంది. అక్క మాకు చాయ తెచ్చి పక్కన కూర్చుంది. ఇన్నాళ్ళూ అడగలేని మాట అప్పుడు అడిగాను.

"బావా, లోపల ఇంకో పిల్ల ఉన్నదని నీకెట్ల తెలిసింది?"

ఆయన నా వైపు వింతగా చూశాడు. "నువ్వే చెప్పినవ్ గదరా."

"నేనా? ఎప్పుడు?"

"దవాఖానల ఏసిన దినమే. దీపాలు పెట్టే యాళ్ళకు వచ్చి నా చెవు కాడ కూసున్నవ్. ఒళ్ళంత రాతి దుమ్ము. 'బావా, లోపల ఇంకొకటి ఉన్నది. ఇన్న. ఇని గూడ మందు దట్టించిన' అన్నవ్. నా చెయ్యి పట్టుకొని మస్తు ఏడ్సినవ్."

అక్క గ్లాసు కింద పెట్టింది. "ఆ దినం నన్నే లోపలికి రానియ్యలే. వీడు అంతసేపు నా పక్కనే మెట్ల మీద కూసున్నడు. లేవనే లేవలే" అంది.

బావ ఒంటి కన్నుతో ఒకసారి నన్ను, ఒకసారి అక్కను చూశాడు. "మరి నా చెయ్యి పట్టుకున్నదెవరే?" అన్నాడు.

అక్క గ్లాసులు ఏరుకుని లేచింది.

రాతిలో రొదకు ఎవరైనా చదువుకున్న మనిషి ఏదో ఒక కారణం చెప్పొచ్చు. చెబితే వింటాను. కానీ ఆ మాటలకు మాత్రం నాకు ఏ కారణమూ దొరకలేదు. ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని నేను లోలోపల అనుకుంటూ ఉన్నది ఆ మాటలే. అదే వరస, అవే పదాలు. పైకి ఒక్క ముక్క అనలేదు. నా ఒంటి మీద ఆ రోజు రాతి దుమ్ము ఉన్న మాట కూడా నిజమే.

ఏడ్చింది మాత్రం నేను కాదు. నాకు ఆ రోజు ఏడుపు రాలేదు. ఇప్పటిదాకా రాలేదు.